గోళీల చప్పుడు

నీలం ఓవరాల్ ఉతికి తీగ మీద ఆరేసి ఉండటం చూశాకే నాకు అర్థమైంది, ఇది అలక కాదని.

బండ్ల షెడ్లో చేరిన ఎనిమిదేళ్ళలో మా అమ్మాయి దాన్ని ఒక్కసారి కూడా ఇంత శ్రద్ధగా ఉతకలేదు. గ్రీజు మరక వదిలితే పనితనం వదిలిపోతుందని వాళ్ళ నాన్న నూరిపోసిన వేదాంతం. నేను సబ్బు పట్టుకుని వెంటపడితే తండ్రీకూతుళ్ళు ఒక జట్టయిపోయి నన్ను ఆటపట్టించేవాళ్ళు. అలాంటిది ఈవేళ పొద్దున్నే లేచి కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు రుద్ది, జేబులు బయటికి తిరగేసి మరీ ఆరేసింది. ఇంకొకళ్ళకి ఇచ్చెయ్యబోయే బట్టనే ఎవరైనా అలా ఉతుకుతారు.

"ఏంటే ఇది?" అన్నాను.

"ఆరాక షెడ్లో పెట్టెయ్యమ్మా. ఎవరికైనా పనికొస్తుంది."

"ఎవరికి? నాకా? ఈ నడుముతో నన్ను బండి కింద దూరమంటావా?"

నవ్వుతుందేమోనని అన్నాను. నవ్వలేదు. దానికోసం నిన్న పెట్టిన పళ్ళెం బల్ల మీద అలాగే ఉంది. మూత కూడా తియ్యలేదు.

"సోమవారం నుంచి ఫోన్ల షాపులో కౌంటర్ పని. మాట్లాడేసుకున్నా," అంది.

"ఫోన్ల షాపా! పిస్టన్లు బిగించే చేత్తో ఫోన్లు తుడుస్తావా?"

"తుడిస్తే పగలవుగా."



పగిలింది బుధవారం. కళ్ళద్దాలాయన ఎర్ర బండి. రెండే సీట్లు, పైకప్పు లేదు, నా పెళ్ళికంటే పాతది. ఆయనకి బజార్లో కళ్ళద్దాల షాపుంది. ఏటేటా పాత బండ్లకి కొండ ఎక్కే పందెం పెడతారు చూడండి, దానికి పదకొండేళ్ళుగా వెళ్తున్నాడు, పదకొండేళ్ళూ ఆఖరున వచ్చాడు. డెబ్బై నిండాయి, ఇదే ఆఖరి పందెం అన్నాడు. "మొదటివాణ్ణి చెయ్యమనటంలేదు మేస్త్రీ. ఆఖరునుంచి రెండోవాణ్ణి చేస్తే చాలు," అని బండి అప్పగించి వెళ్ళాడు.

తండ్రీకూతుళ్ళు మూడు నెలలు దాని మీదే పడ్డారు. సిలిండర్లు వెడల్పు చేయించి పెద్ద పిస్టన్లు వేశారు. పైన హెడ్ గీయించి కంప్రెషన్ పెంచారు. కొత్త జత కార్బురేటర్లు తెచ్చారు. అంతగా బిగించిన ఇంజనుకి ఒక గండం ఉంది. నిప్పురవ్వ పడే వేళ, అదే టైమింగ్, వెంట్రుకవాసి ముందుకి జరిగినా, ఎత్తు ఎక్కేటప్పుడు లోపల పెట్రోలు వేళకాని వేళ అంటుకుని పిస్టన్ని సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. సన్నగా చప్పుడొస్తుంది. వినగానే పెడల్ మీంచి కాలు తియ్యాలి, బండి ఆపి టైమింగ్ వెనక్కి తిప్పుకోవాలి. ముందు షెడ్లో ఒక అందాజుకి పెట్టుకుని, తర్వాత దారిలో విని సరిచేసుకోవటమే పద్ధతి. అందుకే ఆరోజు ఇద్దరూ కొండ దారికి బయల్దేరారు. మా ఆయన నడిపారు, అమ్మాయి పక్కన కూర్చుంది.

మూడో మలుపు దగ్గర లోపల రాడ్డు విరిగి, ఇంజను గోడకే కన్నం పడింది. రోడ్డంతా నూనె. ఆ గోడ అతకదు. అలాంటి ఇంజను ఇప్పుడెక్కడా దొరకదు.

కళ్ళద్దాలాయన వచ్చి, ఆ కన్నంలోకి వేలు పెట్టి చూసి, "ఎలా జరిగింది మేస్త్రీ?" అని ఒక్క మాట అడిగాడు.

మా ఆయన తలొంచుకుని, "టైమింగ్ పెట్టింది అమ్మాయి," అన్నారు.

అబద్ధం కాదు. నిజం మాత్రం అసలే కాదు.

"ఎవరేమన్నా పడేదాన్నమ్మా," అంది అమ్మాయి, ఓవరాల్ చేతులు తీగ మీద సాపు చేస్తూ. "నాన్న అన్నాడు. ఆ సంగతి వదిలెయ్. నాకు వినపడింది కదా! అదే నన్ను తినేస్తోంది."

"మళ్ళీ మొదలెట్టావూ?"

"రెండో మలుపు దగ్గరే వినపడింది. రేకు డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు. నా చిన్నప్పుడు ఆ చప్పుడు నాకు తెలియాలని నాన్న నిజంగానే డబ్బాలో గోళీలు పోసి ఊపి చూపించాడు, గుర్తుందా? అచ్చం అదే. 'నాన్నా, గోళీలు' అన్నా. నాన్న తల ఊపాడు. ఊపి ఇంకాస్త తొక్కాడు. ఊరంతా చెవి మేస్త్రి అని పిలిచే మనిషి బాగానే ఉందని తల ఊపితే, నేనేమనుకోవాలి చెప్పు? నాదే భ్రమ అనుకున్నా. నోరు మూసుకున్నా."

"భ్రమ కాదుగా మరి! నీకు సరిగ్గానే వినపడిందిగా!"

"సరిగ్గా వినపడి కూడా ఊరుకున్నదాన్ని ఏ షెడ్డు వాడు పెట్టుకుంటాడు? రేపు ఇంకోటి వినపడుతుంది, మళ్ళీ భ్రమేమో అనుకుంటా. ఇంకొకరి బండి పోతుంది. నా చెవులు నేనే నమ్మలేనప్పుడు ఆ పని నాకెందుకమ్మా?"

 దాని లోపల ఇంకా ఏదో ఉంది. అదీ బయటపెట్టింది.

"రెండ్రోజులుగా నాన్న వెనకాలే తిరుగుతున్నా. నిన్న గ్రైండర్ ఆపేదాకా నిలబడి, 'నాన్నా, పోనీ తిట్టు, ఒక్కసారి తిట్టు' అన్నా. తిరిగి కూడా చూళ్ళేదు. చేతులు తుడుచుకుని నా పక్కనించే వెళ్ళిపోయాడు. నేనంటే అంత అసహ్యం వేసిందా?"



"వెనకాల కాదే. ఎదురుగా వెళ్ళి అడుగు," అన్నాను.

"ఎదురుగా నిలబడే మొహం నాకెక్కడుంది?" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంకొక్క క్షణం నిలబడి ఉంటే చెప్పేసేదాన్ని. ఆ సంగతి ఈ ఇంట్లో ఇద్దరికే తెలుసు. మిమ్మల్ని కలుపుకుంటే ముగ్గురికి. మా ఆయనకి చెవులు వినపడవు.

రెండేళ్ళయింది. ముందు సన్నటి చప్పుళ్ళు పోయాయి. కుళాయి కారడం, ఫోను మోగడం, చెంచా కింద పడటం. తర్వాత సన్నటి గొంతులు. లారీ వస్తే తెలుస్తుంది, షట్టర్ లాగితే తెలుస్తుంది. నా గొంతు కాస్త లావు కాబట్టి గదిలో ఏ అలికిడీ లేకపోతే సగం అందుతుంది. ఏం అదృష్టమో నాది! పిల్లది మాట్లాడితే మాత్రం పెదాలు ఆడుతున్నట్టుంటుందంతే అంటారు. అందుకే రెండేళ్ళుగా ఈ ఇంట్లో ప్రతి మాటా రెండుసార్లు పలుకుతోంది. ఒకసారి అన్నవాళ్ళ నోట, రెండోసారి ఆయనకి ఎదురుగా నా నోట. 'అమ్మాయి టీ అడుగుతోందండీ', 'అమ్మాయి బయల్దేరుతోందండీ'. నాకు చాదస్తం ముదిరిందని అమ్మాయి నవ్వేది. నేనూ నవ్వేసేదాన్ని.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో పోట్లాట వచ్చినప్పుడల్లా 'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీతో' అనేదాన్ని. ఇప్పుడా సామెత నోటిదాకా వస్తే మింగేస్తున్నాను.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చారు. అమ్మాయి ముందు గదిలో ఉంది. వెనక గది తలుపు వేసి, ఆయనకి ఎదురుగా కూర్చున్నాను. మా పోట్లాటలు మీరెప్పుడూ చూసి ఉండరు. గొంతు ఉండదు. నేను పెదాలు మాత్రం కదుపుతాను, ఆయన వాటిని చూసి గుసగుసగా జవాబు చెబుతారు. తన గొంతు ఎంత పైకి లేచిందో ఆయనకి తెలియదు కాబట్టి, మధ్యమధ్యలో నేను అరచెయ్యి కిందకి దించి సైగ చెయ్యాలి.

'పిల్ల పని మానేస్తోంది,' అన్నాను పెదాలతో.

"అలిగింది. రెండ్రోజులు పోతే అదే వస్తుంది."

'ఓవరాల్ ఉతికేసింది.'

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"ఉతికిందా?"

'మూడుసార్లు. ఫోన్ల షాపులో చేరుతోందిట. తన చెవులు పనికిరావనుకుంటోంది. దాని చెవులు! వినండి, వినలేకపోతే చూడండి. నేను ఈవేళ దానికి చెప్పేస్తున్నా.'

"ఒట్టేశావ్ నువ్వు."

'వేశాను. నా బుద్ధి గడ్డి తిని వేశాను. అప్పుడు మీరు టీవీ గట్టిగా పెడతారని, ఫోన్ ఎత్తరని, అంతే అనుకున్నా. ఇలా కన్నకూతురి మెడకి చుడతారని తెలిస్తే వేసేదాన్నా?'

"నేను చుట్టానా!" గొంతు లేచింది. చెయ్యి దించాను. తగ్గించారు. "అతను అడిగాడు. నోటికి అదొచ్చింది. ఏమనమంటావ్? చెవిటివాడికి ఇచ్చావయ్యా బండి, అందుకే పోయింది అనమంటావా? పెదవి దాటిన మాట పృథివి దాటుతుంది. మర్నాటికి ఊరంతా పాకుతుంది. నా పేరే చెవే. అది పోయిందంటే ఆ షట్టర్ తెరిచి ఏం లాభం? ఎవడిస్తాడు బండి?"

'పేరు మీది. పోయే పరువు దానిదా?'

"అది చిన్నపిల్ల. చిన్నవాళ్ళ తప్పు పదిరోజుల్లో మర్చిపోతారు. నాది మర్చిపోరే."

'దాని వయసు ముప్ఫైకి దగ్గరపడింది. ఆడపిల్లకి బండి ఏం తెలుస్తుందని మొదటి రోజునుంచీ కాచుక్కూచున్న ఊరు ఇది. పదిరోజుల్లో మర్చిపోతారా? మీ నోటితోనే వాళ్ళకి అందించారు!'

ఆయన పళ్ళెం పక్కకి తోసేశారు. ఒక ఇంట్లో రెండు పళ్ళేలు తినకుండా మిగిలితే వంట చేసే మనిషికి ఎలా ఉంటుందో ఎవరూ ఆలోచించరు.

"నీకొకటి చెప్పనా?" అన్నారు. "ఆ గొట్టం పని తెలుసుగా."

తెలియకపోవటమేం? రెండు కార్బురేటర్ల బండికి రెండూ సమానంగా గాలి పీల్చాలి. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ముందు ఒకదాని నోటి దగ్గర, తర్వాత రెండోదాని నోటి దగ్గర పెట్టి, 'స్స్' మనే చప్పుడు రెండుచోట్లా ఒకేలా వచ్చేదాకా స్క్రూ తిప్పాలి. ఒక్కరు చేసుకునే పనే. తొమ్మిదేళ్ళప్పుడు నేనూ చేస్తానని ఇది ఏడిస్తే, ఆయన ఒక కొస దాని చేతికిచ్చారు. అప్పట్నుంచీ మా షెడ్లో అది ఇద్దరి పని. చెవి ఆయనది, చెయ్యి దానిది.

"రెండేళ్ళుగా ఆ గొట్టంలోంచి నాకేమీ వినపడటంలేదే," అన్నారు. "దాని చెయ్యి చూస్తూ కూర్చుంటా. బాగా దగ్గరగా ఉంటుంది కదా, గొట్టం బయట వినపడే చప్పుడే దానికి సరిపోతుంది. సరిగ్గా కుదిరిన క్షణంలో దానికే తెలియకుండా చెయ్యి ఆగుతుంది. అప్పుడు నేను 'చాలు' అంటా. అది నన్ను చూసి, మా నాన్న చెవి చెవే అంటుంది."

నాకు ఏడవాలో కొట్టాలో తెలియలేదు.

'అంటే రెండేళ్ళుగా ఈ షెడ్డు చెవి అదే. మీరు కాదు.'

"అవును."

'ఆ మాట దానికి చెప్పండి. ఇదే మాట. ఇంకేం అక్కర్లేదు.'

ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. "దాని గొంతు ఎలా ఉంటుందో మర్చిపోతున్నానే," అన్నారు, చాలా గట్టిగా. నేను చెయ్యి దించలేదు. ముందు గదిలోకి వినపడితే వినపడనీ అనుకున్నాను. కానీ సరిగ్గా అప్పుడే వాకిట్లో తలుపు తట్టిన చప్పుడైంది, అమ్మాయి తియ్యడానికి వెళ్ళింది.

ఆయన లేచారు. "సాయంత్రానికి ఆ తెల్ల బండి ఇచ్చెయ్యాలి. అదీ రెండు కార్బురేటర్లదే. అమ్మాయిని ఒక్కసారి రమ్మను," అని వెనక గుమ్మంలోంచి షెడ్లోకి వెళ్ళిపోయారు. చెప్పే ధైర్యం లేదు, అది లేకుండా పని జరగదు. అలా ఉంది ఆ మనిషి బతుకు.

వచ్చింది కళ్ళద్దాలాయన. నేను ముందు గదిలోకి వెళ్ళేసరికి కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. అమ్మాయి గోడకానుకుని నిలబడింది.

"నేను అరవటానికి రాలేదు చెల్లెమ్మా," అన్నాడు నాతో. "ఈ పిల్ల పని మానేస్తోందని బజార్లో విన్నా. అందుకని వచ్చా." తర్వాత దానివైపు తిరిగాడు. "చూడు తల్లీ, పొరపాట్లు అందరం చేస్తాం. నేను చత్వారం వాడికి హ్రస్వదృష్టి అద్దాలు ఇచ్చి పంపేశా ఒకసారి. మెట్ల మీంచి పడ్డాడు పాపం. నిన్ను నేను ఏమీ అనుకోవటంలేదు. క్షమించానని చెప్పటానికే వచ్చా."

అరిచినా బాగుండేది. చెయ్యని తప్పుకి క్షమాభిక్ష అందుకుంటూ నా కూతురు రెండు చేతులూ జోడించింది. నేను పక్కనే నిలబడి చూశాను. నాలాంటి తల్లి ఎవరికీ వద్దు.

"పందెం సంగతేమిటి అన్నయ్యగారూ?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఏముంది, ఈసారి కూర్చుని చూస్తా. పదకొండేళ్ళు ఆఖరున వచ్చానా, అసలు వెళ్ళకపోతే ఎవరో పాపం నా చోటుకి రావాలి కదా!" అని నవ్వబోయి, సగంలో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్ళు తుడుచుకోవటం మా ఇద్దరికీ కనపడింది.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

"మేస్త్రికి ఒకసారి కళ్ళు పరీక్ష చేయించు చెల్లెమ్మా. షాపుకి తీసుకురా, నేనే చూస్తా."

"కళ్ళా? ఆయన కళ్ళకేం?"

"ఏమో. ఇదివరకు మాట్లాడుతుంటే కళ్ళలోకి చూసేవాడు. ఈమధ్య నా మూతికేసే చూస్తున్నాడు. మొన్న బండి పోయిందని బాధగా ఉండి మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో అడిగా. ఉత్తినే తల ఊపాడు. నేనడిగింది మంచినీళ్ళు."

 "బాధలో ఉన్నారు కదండీ, పరధ్యానం," అన్నాను.

కళ్ళద్దాలాయన వెళ్ళిపోయాడు. అమ్మాయి అక్కడే నిలబడి ఉంది. గోడకేసి చూస్తోంది.

"అమ్మా," అంది.

"ఊఁ."

"మంచినీళ్ళు అడిగితే తల ఊపాడట."

"పరధ్యానం అన్నాగా."

"కొండ మీద కూడా తల ఊపాడు."

నేను పళ్ళేలు తియ్యటానికి వెనక్కి తిరిగాను. నా మొహం దానికి చూపించటం ఇష్టంలేక తిరిగాను. అది నా కూతురు, నా వీపు చూసి కూడా ఏదో పట్టేసింది.

"నాన్న తెల్ల బండి దగ్గరున్నాడా?"

"ఉన్నారు. నిన్ను రమ్మన్నారు. గొట్టం పనిట."

"సరే. ఎలాగూ నా స్పానర్లు తెచ్చుకోవాలి," అంది. అని, షెడ్డు వైపు వెళ్ళింది.

నేనూ వెనకే వెళ్ళాను. 

షెడ్డు మూలలో ఎర్ర బండి దుప్పటి కప్పుకుని ఉంది. మధ్యలో తెల్ల బండి, బానెట్ ఎత్తి, ఇంజను ఆడుతోంది. మా ఆయన స్టూలు మీద కూర్చుని, గొట్టం మెడలో వేసుకుని ఎదురుచూస్తున్నారు. అమ్మాయిని చూడగానే మొహం విప్పారింది. చూడటానికి వీల్లేనంతగా విప్పారింది.

"వచ్చావా తల్లీ! రా, రా. రెండోది తక్కువ పీలుస్తోందేమో చూడు," అన్నారు, ఇంజను చప్పుడు మీంచి అరుస్తూ.

అది గూట్లోంచి స్క్రూ డ్రైవర్ తీసుకుంది. గొట్టం ఒక కొస ఆయన చెవిలో పెట్టుకున్నారు, రెండో కొస అది అందుకుంది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న దృశ్యం. 

ఒకదాని నోటి దగ్గర పెట్టింది. తర్వాత రెండోదాని దగ్గర. కుడిచేత్తో స్క్రూ మీద డ్రైవర్ ఆనించింది. మా ఆయన తల వాల్చి, కళ్ళు సగం మూసి, ఏకాగ్రతగా విన్నట్టే కూర్చున్నారు. ఆ సగం కళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలుసు. దాని కుడిచేతి మీద.

అప్పుడు అమ్మాయి బానెట్ కిందకి బాగా వంగింది. గొట్టం కొసని కార్బురేటర్ మీంచి తీసి తన నోటి దగ్గర పెట్టుకుంది. ఆయన కూర్చున్న చోటికి దాని మొహం కనపడదు. చెయ్యొక్కటే కనపడుతుంది.

"నాన్నా," అంది గొట్టంలోకి.

చెయ్యి మెల్లగా తిరుగుతోంది.

"ఇంకొంచెం," అన్నారాయన.

"నాన్నా, నేను సోమవారం నుంచి రాను."

"ఆఁ, వస్తోంది, వస్తోంది. తొందరపడకు."

ఇంజను పక్కన నిలబడ్డ నాకే వినపడింది దాని గొంతు. గొట్టంలోంచి తిన్నగా చెవిలోకి వెళ్తే ఎంత గట్టిగా ఉండాలి! నేను బానెట్ అంచు పట్టుకున్నాను.

"నాన్నా," అంది మూడోసారి. ఇప్పుడు ఏడుస్తోంది. "ఆ రోజు గోళీల చప్పుడు నీకు వినపడిందా?"

చెయ్యి ఆపేసింది.

"చాలు!" అన్నారు మా ఆయన, చెయ్యెత్తి. మొహం నిండా వెలుగు. "కుదిరింది. రెండూ సమానం. చూశావుటే," అన్నారు నాతో, "దాని చెయ్యికి తిరుగుందా?"

అమ్మాయి నిటారుగా లేచింది. బుగ్గల మీంచి నీళ్ళు కారుతున్నాయి. వాటిని తుడుచుకోలేదు. స్క్రూ డ్రైవర్ని తీసిన చోటే గూట్లో పెట్టింది. ఆయన్ని చూళ్ళేదు. నన్ను చూసింది. గోడ దగ్గర నిలబడి కళ్ళద్దాలాయనకి చేతులు జోడించిన మొహం కాదు ఇప్పుడున్నది. ఈ మొహానికి నేను జవాబు చెప్పుకోలేను.

"నీకు ముందే తెలుసు," అంది నాతో. "ఇద్దరికీ తెలుసు. తెలిసే నా మీదికి తోసేశారు కదా?"

  

మా ఆయన చెవిలోంచి గొట్టం తీస్తూ దానివైపు చూశారు. అది నావైపు తిరిగి ఉంది, పక్కనించి పెదాలు కదలటం మాత్రం కనిపించింది పాపం. పని బాగా కుదిరిందా అని అడుగుతోందనుకున్నారు కాబోలు. నేను నోరు తెరిచేలోపే, నవ్వుతూ, ఎప్పటిలాగే తల ఊపారు.